నోట కరగు భక్ష్యములు

ఆంగ్లేయులు మృదువైన తినుబండారమును మెచ్చుకొనవలసినచో, అది నోటిలో కరగిపోవుచున్నదందురు. ఈ మాట మన యిండ్లకు క్రొత్తది కాదు. వెన్నవలె నున్నదనియు, నోట వేసికొన్నంతనే కరగినదనియు మనమును అనుచునే యుందుము. ఆ మెప్పు వెనుక నెంత పని యున్నదో వండినవారికే తెలియును.

నిజామాబాదు జిల్లాలోని మోస్రాలో మా బంధువులయింట ఉగాదికి భక్ష్యములు చేయుచుండగా చూచితిమి. ఆ యింటి అత్తగారికి పండ్లన్నియు రాలిపోయినవి. పండుగనాడు అందరును తినుచుండగా తాను చూచుచు కూర్చుండుట ఆమెకు రెండేండ్లుగా అలవాటైనదట. ఈసారి అట్లు జరుగరాదని కోడలు పూనుకొన్నది.

సెనగపప్పును వ్రేళ్ల నడుమ నొక్కిన మెదిగిపోవువరకు ఉడికించి, నీటిని వార్చి, ఆ పిమ్మటనే బెల్లము చేర్చినది. ఇది మరువరాని సంగతి. బెల్లము చేరిన తరువాత పప్పు మెత్తబడదు. ఎంతసేపుంచినను పలుకుగనే యుండును. తొందరపడి రెండును ఒకేసారి పొయ్యిమీద పెట్టిన సోదరీమణులు (మేమును అందులోనివారమే) రోటిని నిందించుట న్యాయము కాదు. పూర్ణమును దగ్గరపడగానే దింపవలెను. పాకము ముదిరినచో చల్లారిన వెనుక గట్టిపడును. పిండిని జారుగా తడిపి, నూనె పోసి, రెండు గంటలు నాననిచ్చినది. నూనె పట్టిన పిండి చక్కగా సాగును, పొర బిరుసెక్కదు.

నిజమునకు భక్ష్యములో కరగునది నేయి మాత్రమే. మన నోటి వేడి సుమారు 37 డిగ్రీలు. నేయి అంతకు లోపలనే కరగును. బెల్లము లాలాజలములో కలియును. పప్పు కరగదు, పలుకు లేకుండుటచే కరగినట్లు తోచును. ఆత్రేయపురపు పూతరేకులోను ఇదే మర్మము.

మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరు నీటితో ఈ ప్రాంతమున చెరకు విస్తరించినది. 1937లో బోధనులో చక్కెర కర్మాగారము వెలసినది. 2015 డిసెంబరులో అది మూతబడినది. నాటి చెరకు పొలములలో పెక్కింట నేడు వరియే. “ఒకప్పుడు చెరుకు మా పొలంలనే ఉండె” అని కోడలు అంగడి బెల్లమును చిదుపుచు నిట్టూర్చినది.

అత్తగారు మొదటి తునకను నోట పెట్టుకొని కొంతసేపు మాటాడలేదు. “పండ్లు లేనిదాన్ని యాదుంచుకున్నవు బిడ్డా” అన్నది. రెండవదానిని మాత్రము తినక, ఉదయమున వెచ్చని పాలలో నానవేసికొనుటకై ఆకులో చుట్టి దాచుకొన్నది.