తెల్లబట్టకు గర్భసంచి తీయించాలా?

నడుం నొప్పి, తెల్లబట్ట. ఈ రెంటితో పట్నం ఆసుపత్రికి వెళ్ళిన ఆడమనిషి గర్భసంచి లేకుండా తిరిగి రావడం మన పల్లెల్లో కొత్త కాదు. "లోపల పుండు ఉంది, వదిలేస్తే కాన్సర్ అవుతుంది" అన్న ఒక్క మాట చాలు, ఇంటిల్లిపాదీ హడలిపోతారు. మేకలు అమ్మో, మెడలోది కుదువబెట్టో ఆపరేషన్‌కు సొమ్ము కడతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎనిమిది మందికి పైనే.

అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. 30-49 ఏళ్ళవారిలో గర్భసంచి ముఖద్వారానికి కాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు దేశంలో నూటికి ఇద్దరైనా లేరు. చూపించుకున్నవారి కంటే తీయించుకున్నవారే ఎక్కువన్నమాట.

భయం వట్టిది కాదు. 2022లో మన దేశంలో ఈ కాన్సర్ లక్షా 27 వేల మందికి పైగా స్త్రీలకు కొత్తగా వచ్చిందనీ, దాదాపు 80 వేల మంది చనిపోయారనీ అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. కాని తెల్లబట్ట కాన్సర్‌గా మారదు. కొంత తెల్లబట్ట ఆడవారికి సహజం. దురద, మంట, వాసన ఉంటే అది చాలావరకు మాత్రలతో తగ్గే జబ్బు. కాగితం మీద 'ఎరోషన్' అని రాసి పుండుగా చెప్పేది కూడా చాలాసార్లు పుండే కాదు.

కాన్సర్‌కు అసలు కారణం హ్యూమన్ పాపిలోమా అనే వైరస్. ఇది కాపురంలో ఒకరి నుంచి ఒకరికి సోకుతుంది. ఆడా మగా చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకేదే కనుక ఎవరి నడతనూ శంకించనక్కరలేదు. ఎక్కువమందిలో రెండేళ్ళలోపు దానంతటదే పోతుంది. పోనివారిలో కొందరికే ముఖద్వారం దగ్గర కణాలు చెడి, 15-20 ఏళ్ళకు కాన్సర్‌గా ముదురుతుంది. ఇన్నేళ్ళ గడువు ఇచ్చే కాన్సర్లు తక్కువ. అయితే ఆ గడువులో నొప్పి ఉండదు, ఏ గుర్తూ కనబడదు. అందుకే ఏ బాధా లేనప్పుడే పరీక్ష చేయించుకోవాలి.

పరీక్ష పెద్దదేమీ కాదు. పచ్చళ్ళలో వాడే వెనిగర్ లాంటి పలుచని ఆమ్లాన్ని దూదితో ముఖద్వారానికి అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తారు. కణాలు చెడిన చోట తెల్లమచ్చ తేలుతుంది. మత్తు లేదు, కోత లేదు. మచ్చ తేలినంత మాత్రాన కాన్సర్ అనీ కాదు. చిన్న మచ్చ అయితే వేడితోనో చలితోనో అక్కడికక్కడే మాడ్చేస్తారు, గర్భసంచి గర్భసంచిగానే ఉంటుంది. అనుమానమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో శిక్షణ పొందిన నర్సులే ఈ పరీక్ష చేశారు. అక్కడ ఈ కాన్సర్ చావులు మూడో వంతు తగ్గినట్టు 2007లో తేలింది. డాక్టరు లేడన్న సాకు దీనితో పోయింది.

30 దాటిన స్త్రీలకు అయిదేళ్ళకోసారి ఈ పరీక్ష చేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మను అడగాలి. ముట్టు రోజుల్లో వెళ్ళకూడదు. ముట్లుడిగినవారిలో ఆ చోటు లోపలికి పోతుంది, వెనిగర్‌తో సరిగా కనబడదు. వారికి స్మియర్ గాని, వైరస్ పరీక్ష గాని మేలు. ముట్టుకూ ముట్టుకూ మధ్య, కలయిక తరువాత, ముట్లుడిగాక రక్తం కనిపిస్తే మాత్రం వాయిదా వేయక డాక్టరు దగ్గరకు పోవాలి.

ఆడపిల్లలకు టీకా ఉంది. దాని పేరు చెబితే ఖమ్మం వైపు ఇప్పటికీ ముఖం చిట్లించేవారున్నారు, కారణం లేకపోలేదు. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14 వేల మంది బాలికలకు టీకా వేశారు. హాస్టల్ పిల్లలకు తల్లిదండ్రులను అడక్కుండా వార్డెన్ల సంతకాలతోనే కానిచ్చారు. కొందరు బాలికలు చనిపోయిన వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. అనుమతి తీసుకున్న తీరును మాత్రం 2013లో పార్లమెంటు స్థాయీసంఘం గట్టిగా తప్పుపట్టింది. తప్పు మందుది కాదు, అడగకపోవడంది. ఆ తరువాత ఎన్నో దేశాల్లో కోట్లమంది పిల్లలకు ఈ టీకా వేశారు. ఒక్క మోతాదు చాలునని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. టీకా వేయించుకున్న పిల్లకైనా పెద్దయ్యాక పరీక్ష తప్పదు, వైరస్ రకాలన్నిటినీ టీకా ఆపదు.

ఇప్పటికే గర్భసంచి తీయించుకున్నవారు కూడా ఆపరేషన్ కాగితాలు ఒకసారి నర్సమ్మకు చూపించాలి. కొన్ని ఆపరేషన్లలో సంచి తీసి ముఖద్వారం వదిలేస్తారు. అలా వదిలినవారికి ఈ పరీక్ష అందరితోపాటే అవసరం.