డ్యూటీ మారే వేళ.. మాటే రోగికి రక్ష

చిత్తూరు: రాత్రంతా రోగిని కనిపెట్టుకున్న వైద్యుడు తెల్లవారగానే ఇంటికి బయలుదేరతారు. మరొకరు బాధ్యత స్వీకరిస్తారు. మంచంపై రోగి మాత్రం మారడు. ఆ కొద్ది నిమిషాల్లో చెప్పవలసిన మాట ఒక్కటి మరచినా ముప్పు పొంచి ఉంటుంది.

మన ప్రాంతంలో ఈ అప్పగింత ఒక్క ఆసుపత్రితో ముగియదు. పలమనేరు, కుప్పం ప్రాంతాల నుంచి విషమ స్థితిలో ఉన్నవారిని తిరుపతిలోని రుయాకు, స్విమ్స్‌కు, పొరుగున ఉన్న వేలూరు సీఎంసీకి తరలించడం పరిపాటి. పాము కరిచిన రైతునే తీసుకుంటే కాటు ఎప్పుడు పడింది, విరుగుడు మందు ఎన్ని వయల్స్, ఏ సమయానికి ఎక్కించారు, మందు పడక దద్దుర్లు వచ్చాయా అన్నది రోగితో పాటే చేరాలి.

నాలుగు అంశాలు చాలు

ఇప్పటి పరిస్థితి, పూర్వాపరాలు, వైద్యుని అంచనా, ఇక చేయవలసిన పని.. ఈ వరుసలో చెబితే ముఖ్యమైనది తప్పిపోదు. అమెరికా నౌకాదళం నుంచి వైద్యరంగానికి వచ్చిన ఈ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో సూచించింది. ప్రశ్నలు అడిగేందుకు తగిన సమయం ఇవ్వాలనీ, విన్నవారు తిరిగి చెప్పి సరిచూసుకోవాలనీ పేర్కొంది. ఉత్తర అమెరికాలోని 9 ఆసుపత్రుల పిల్లల విభాగాల్లో మరో క్రమబద్ధమైన అప్పగింత విధానాన్ని అమలు చేయగా వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం తగ్గాయని 2014లో వెల్లడైన అధ్యయనం తెలిపింది.

కసిరితే నష్టం రోగికే

పద్ధతి ఒక్కటే చాలదు. సందేహం అడిగిన హౌస్ సర్జన్‌ను ‘ఆ మాత్రం తెలియదా’ అని కసిరితే మరోసారి అడిగేందుకు జంకుతారు. అడగని ఆ ప్రశ్నే రోగికి అవసరమైనది కావచ్చు. 2015లో వెల్లడైన అధ్యయనంలో ఇజ్రాయెల్ పరిశోధకులు నవజాత శిశువులకు వైద్యం చేసే 24 బృందాలను కృత్రిమ సన్నివేశంలో పరీక్షించారు. పరుష వ్యాఖ్యలు విన్న బృందాల్లో రోగనిర్ధారణ, చికిత్స రెండూ కుంటుపడ్డాయి. సమాచారం పంచుకోవడం, సాయం కోరడం తగ్గడమే ఇందుకు కారణమని గుర్తించారు. ‘ఇంకేమైనా అడగాలా’ అన్న సౌమ్యమైన పలకరింపు వెల ఇదీ!

బంధువులూ తమ వంతు సాయపడవచ్చు. రెఫరల్ చీటీ, పరీక్షల నివేదికలు, వాడుతున్న మందులు ఒకే సంచిలో భద్రపరచాలి. ఏ మందు పడదో కొత్తగా వచ్చిన ప్రతి వైద్యునికీ తప్పక చెప్పాలి.