ఒంటరి పడవ, జంట పడవ

పడవ పందెములలో మిక్కిలి కఠినమైనది ఒంటరి పడవ పందెమని మా అభిప్రాయము. సింగిల్ స్కల్స్ అనబడు ఈ పోటీలో ఒక్క మనిషి, రెండు తెడ్లు, ముందు రెండు వేల మీటర్ల నీరు. నడుపువాడు గమ్యమునకు వీపు పెట్టి కూర్చుండును. దాటివచ్చిన దూరమే అతనికి కనబడును గాని చేరవలసిన గీత కనబడదు. ఇది భుజబలపు పని యని పలువురు తలంతురు. పడవలోని పీట ముందువెనుకలకు జారునట్లు అమర్చబడి యుండుటచే బలములో పెద్ద పాలు కాళ్లదే.

1986లో జన్మించిన లిథువేనియా క్రీడాకారుడు మిందౌగస్ గ్రిష్కోనిస్ 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లోను, 2012లో లండన్ ఒలింపిక్స్‌లోను ఈ ఒంటరి పడవతోనే పోటీ చేసెను. రెండు మార్లును పతకము దక్కలేదు. నాలుగేండ్ల శ్రమ ఏడు నిమిషములలో తేలిపోవు క్రీడ యిది.

2016 రియో ఒలింపిక్స్‌కు ఆయన సౌల్యుస్ రిటర్ తోడుగా జంట పడవ నెక్కెను. తోడు దొరికిన పని తేలికయగునని మనము అనుకొందుము. ఇక్కడ అట్లు కాదు. జంట పడవలోను ఒక్కొక్కరికి రెండేసి తెడ్లు. దారి చూపువాడు వేరుగా నుండడు. నాలుగు తెడ్లు ఒకే క్షణమున నీట మునిగి, ఒకే క్షణమున లేవవలెను. ఒకడు రవంత తొందరపడినను పడవ వేగము చచ్చును. ఏండ్ల తరబడి తన ఊపిరినే లెక్కగా పెట్టుకొని తెడ్డు వేసినవానికి ఇంకొకని లయకు ఒదుగుట చిన్న పని కాదు.

ఆగస్టు 10న గాలివానచే పందెములు నిలిచిపోయెను. మరునాడు రోద్రీగో జి ఫ్రెయితస్ సరస్సుపై తుది పోటీ జరిగెను. క్రొయేషియా సోదరులు మార్టిన్, వాలెంట్ సింకోవిచ్‌లు 6 నిమిషముల 50.28 సెకండ్లలో ప్రథములైరి. లిథువేనియా జంటకు పట్టినది 6 నిమిషముల 51.39 సెకండ్లు. అదే దినమున మహిళల జంట పడవలో దొనాతా విష్తార్తయితే, మిల్దా వల్చ్యుకయితేలు ఆ దేశమునకే కాంస్యము తెచ్చిరి.

ఆ రజతమునకు వెనుకటి కథ యొకటి కలదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో అంతానస్ బగ్దొనావిచ్యుస్, జిగ్మస్ యుక్నా అను లిథువేనియా వారు ఇరువురు, చుక్కాని పట్టువాని తోడుతో, పడవ పందెమున రజతమే గెలిచిరి. కాని నాడు ఎగిరినది సోవియట్ జెండా. స్వతంత్ర లిథువేనియా పేరిట పడవ పందెములలో తొలి ఒలింపిక్ పతకము 2000లో సిడ్నీలో వచ్చిన కాంస్యము. రజతమునకు మరి పదునారేండ్లు పట్టెను.

గ్రిష్కోనిస్ జంట పడవతోనే ఆగిపోలేదు. 2018లో బల్గేరియాలోని ప్లోవ్‌దివ్ నగరమున జరిగిన ప్రపంచ పోటీలలో తిరిగి ఒంటరి పడవ నెక్కి రజతము గెలిచెను. రెండు రజతములలో మేము దీనికే పెద్దపీట వేయుదుము. ఆనాడు ఆయనను దాటి స్వర్ణము గైకొన్నవాడు నార్వే దేశస్థుడు చెతిల్ బొర్క్. రియోలో ఇదే బొర్క్ జంట పడవలో గ్రిష్కోనిస్ వెనుక మూడవ స్థానమున నిలిచియుండెను.