ధమనిలోని రాయి

జమ్మలమడుగు ప్రాంతమున నాపరాయి తీయు పనివాడు బండను ఎట్లుపడిన అట్లు మోదడు. ముందు గాటు పెట్టి చీలిక తెచ్చును. పిమ్మటనే పలకను లేపును. పులివెందుల దాపున తుమ్మలపల్లెలో డోలమైటు, ఎఱ్ఱగుంట్ల సిమెంటు కర్మాగారములకు సున్నపురాయి, ప్రొద్దుటూరి ఇండ్లలో నేలబండలు: కడప జిల్లాలో ఎటు చూచినను కాల్షియము గల రాయియే. మనుష్యుని గుండె ధమనులలో కూడ ఒక్కొక్కప్పుడు రాయి ఏర్పడును. అచ్చట వైద్యులు పాటించునదియు ఈ పనివాని నియమమే.

గుండె కండరమునకు రక్తమునిచ్చు ధమనులు రెండు. వాని ముఖ్య శాఖల లోపలి వెడల్పు సుమారు 2 మొదలు 4 మిల్లీమీటర్లు. వీని గోడలలో క్రొవ్వు చేరి, వాపు కలిగి, ఏండ్లు గడచిన కొలది అచ్చటి కొన్ని కణములు ఎముకను కట్టు కణములవలె ప్రవర్తించును. అప్పుడు కాల్షియం ఫాస్ఫేటు స్ఫటికములు పేరుకొనును. సున్నపురాయి కాల్షియం కార్బొనేటు. ధమనిలోని రాయి ఎముకకు చుట్టము. కావున సున్నపు నీరు త్రాగినందున ఆ సున్నమే ధమనులకు పట్టునను తలంపు సరికాదు. రక్తములోని కాల్షియమును శరీరము ఒక హద్దులో నుంచును. వయస్సు, మధుమేహము, రక్తపుపోటు, పొగాకు, మూత్రపిండముల వ్యాధి: ఇవి ఈ రాయిని పెంచునవి.

ఇరుకైన ధమనిని తెరచుటకు స్టెంటు అను సన్నని లోహపు జాలిగొట్టమును బెలూనుపై నుంచి లోనికి పంపి, బెలూనును ఉబ్బించుదురు. క్రొవ్వు మెత్తనిదైనచో ఒదిగిపోవును. రాయి ఒదుగదు. బెలూను రెండు కొనలయందు ఉబ్బి, నడుమ డమరుకమువలె నొక్కుకొనిపోవును. సగమే విచ్చిన స్టెంటులో రక్తము గడ్డకట్టవచ్చును. ధమని మరల మూసుకొనవచ్చును. బలవంతముగ ఉబ్బించినచో గోడ చినుగవచ్చును. ఒకసారి ఇరుక్కొన్న స్టెంటును సరిచేయుట బహు కష్టము. అందుచే రాతిపని ముందు, స్టెంటు తరువాత.

మొదట రాతిని కొలువవలెను. ధమనిలోనికి పంపిన సన్నని తీగ చివరనుండి కాంతినిగాని, శ్రవణాతీత ధ్వనినిగాని ప్రసరింపజేసి చిత్రము తీయుదురు. రాయి ధమని చుట్టును సగమునకు మించి ఆవరించి, అర మిల్లీమీటరుకంటె మందమై, 5 మిల్లీమీటర్లకంటె పొడవైనచో, స్టెంటు సరిగా విచ్చదను అనుమానము కలుగును.

పగులగొట్టు మార్గములు ముఖ్యముగ మూడు. మొదటిది చిన్న అలుగులు గల బెలూను; ఇది రాతికి గాట్లు పెట్టును. రెండవది వజ్రపుపొడి పొదిగిన చిన్న బొంగరము. నిమిషమునకు 1,40,000 మొదలు 1,80,000 చుట్లు తిరుగుచు రాతిని అరగదీయును. ఆకురాయి గోరును అరగదీయునపుడు మెత్తని చర్మము ప్రక్కకు ఒదుగునట్లు, సాగెడు ధమనిగోడ చాలవరకు తప్పించుకొనును. రాలిన పొడిలో చాలభాగము ఎఱ్ఱరక్తకణముకంటె చిన్నది, రక్తముతో కొట్టుకొనిపోవును. మూడవది ధ్వని తరంగము. 1980లో మ్యూనిక్ నగరమున మూత్రపిండపు రాళ్లను శరీరము వెలుపలినుండి తరంగములతో పగులగొట్టిరి. ఆ సూత్రమునే బెలూనులో ఇమిడ్చి, కొద్ది పీడనముతో ఉబ్బించి, విద్యుత్ మెరుపులచే తరంగములు పుట్టించి, గోడ లోతులోని రాతిని చీల్చుదురు. గుండె ధమనులకు ఈ సాధనమును అమెరికాలో 2021లో అనుమతించిరి.

ఈ పనులలో అపాయము లేకపోలేదు. ధమనికి రంధ్రము పడవచ్చును, రక్తప్రవాహము మందగించవచ్చును. అందుచే రాయి గట్టిగానున్న రోగులకే, అనుభవముగల వైద్యులే వీనిని చేయుదురు.

స్టెంటు విషయమున తెలుగునాటికి ఒక చరిత్ర కలదు. డాక్టరు సోమరాజు, అబ్దుల్ కలాం కలసి చవకైన స్టెంటును రూపొందించిరి. అది కలాం-రాజు స్టెంటుగా పేరొందినది. 2017లో కేంద్రప్రభుత్వము స్టెంట్ల ధరలకు పరిమితి విధించినది. అయినను ధర తగ్గిన స్టెంటైనను, ఖరీదైన స్టెంటైనను, విచ్చుటకు చోటు లేనిదే మేలు చేయజాలదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. మెత్తని రబ్బరు గొట్టములో సుద్దముక్క నుంచి వ్రేళ్లతో నొక్కినచో సుద్ద విరుగును, గొట్టము చెక్కుచెదరదు. పెళుసైనది పగులును, సాగెడునది నిలుచును. ఈ చికిత్స యంతయు ఆ భేదముపైననే ఆధారపడియున్నది. విద్యార్థులు ఇంటివద్ద చెప్పవలసిన మాట మరొకటి కలదు: రొమ్ములో బరువు, ఎడమచేతికి ప్రాకు నొప్పి, చెమట కలిగినచో అజీర్తియని ఊరకుండరాదు, వెంటనే 108 బండిని పిలువవలెను.