భోగి మంట, బ్లాక్ మండే

2025లో భోగి సోమవారం వచ్చింది, జనవరి 13. రాయవరంలో మేం మంట ఆర్పి తలంట్లకు కూర్చునేసరికి అమెరికాలో ఇంకా ఆదివారం రాత్రే. వాళ్లకు సోమవారం తెల్లారి కాసేపయ్యాక, అంటే మనకి రాత్రి పొద్దుపోయాక, డల్లాస్ దగ్గర ఉంటున్న మా వీధి కుర్రాడు ఫోన్ చేశాడు. “బాబాయ్, మా కౌబాయ్స్ కోచ్‌ని పీకేశారు. ఇంక చూడు మా జట్టు!” అన్నాడు. కౌబాయ్స్ ఆడేది మన కాలిబంతి కాదు, కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట. ఆ జట్టు కార్యాలయం ఉన్న ఫ్రిస్కోలో తెలుగువాళ్లు బోలెడుమంది. అందుకే అక్కడి కోచ్ కబురు గోదావరి జిల్లా అరుగు మీదికీ వస్తోంది.

కుర్రాడి మాటల్లో ఉత్సాహం ఎంతుందో పొరపాట్లూ అన్నే ఉన్నాయి. అవే పొరపాట్లు మన అమలాపురం బ్యాడ్మింటన్ కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ కోచ్‌లు మారినప్పుడల్లా మా టీకొట్టు దగ్గర కూడా విన్నాను.

అపోహ: కోచ్ వెళ్లాడంటే పీకేసినట్టే.

వాస్తవం: కౌబాయ్స్ కోచ్ మైక్ మెక్‌కార్తీని ఎవరూ పీకలేదు. అయిదు సీజన్లు చేశాడు, కాంట్రాక్టు అయిపోయింది, కొత్తదానికి ఇద్దరికీ కుదరలేదు. పీకడాలు లేవని కాదు. కౌబాయ్స్ ఆడే 32 జట్ల అమెరికా లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో లీగ్ మ్యాచ్‌లు ముగిసిన మర్నాటి సోమవారానికి ‘బ్లాక్ మండే’ అని పేరే పెట్టుకున్నారు, ఆ రోజు వేటు పడేవాళ్లు అంతమంది ఉంటారు మరి. కాంట్రాక్టు మధ్యలో తీసేస్తే మాత్రం మిగిలిన కాలానికి జీతం సాధారణంగా ముట్టజెప్పాల్సిందే. ఉత్త చేతులతో పంపడం అక్కడ అంత తేలిక కాదు.

సాత్విక్–చిరాగ్ శెట్టి జోడీ సంగతికొస్తే, వాళ్ల కోచ్‌లు చాలావరకు తమంతట తామే వెళ్లినవాళ్లు. మలేసియా నుంచి వచ్చిన టాన్ కిమ్ హర్ 2019లో కాంట్రాక్టు ఇంకా ఉండగానే రాజీనామా చేశాడు. తర్వాత వచ్చిన ఇండోనేసియా కోచ్ ఫ్లాండీ లింపెలే కుటుంబ కారణాలు చెప్పి ఏడాదికే వెళ్లిపోయాడు. డెన్మార్క్‌కు చెందిన మథియాస్ బో పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్స్‌లో మనవాళ్లు ఓడాక, అలసిపోయానని, ఇక కోచింగ్ చాలని తానే ప్రకటించాడు. ఆ వారం మా టీకొట్టులో మాత్రం బోని పీకేశారనే తీర్మానం అయిపోయింది.

అపోహ: కొత్త కోచ్ రాగానే గెలిస్తే ఆ ఘనత కొత్తాయనదే.

వాస్తవం: వరి పండించే ఊళ్లో ఈ మాట నమ్మేవాళ్లుండటమే నాకు వింత. నారు పోసినవాడూ కోత కోసినవాడూ ఒకడే కావాలని ఎక్కడుంది? సాత్విక్, చిరాగ్ ఇద్దరూ పొడగరులు, ఇద్దరికీ కోర్టు వెనక నిలబడి బాదడమే ఇష్టం. డబుల్స్‌లో ఒకరు వల దగ్గర కాచుకోవాలి కదా! అలాంటి ఇద్దరిని 2016లో జతకట్టినవాడు టాన్. మొదట్లో ఆ కుర్రాళ్లకే అది రుచించలేదు. 2018 కామన్వెల్త్ క్రీడల్లో రజతం వచ్చింది. 2019లో టాన్ వెళ్లిన కొన్ని నెలలకే, ఆగస్టులో, థాయిలాండ్ ఓపెన్ గెలిచారు. ఫైనల్లో ఓడించింది అప్పటి ప్రపంచ ఛాంపియన్లు లీ జున్‌హుయ్, లియు యుచెన్‌లను. అప్పటికి లింపెలే వచ్చి నిండా అర్ధ సంవత్సరం కాలేదు. ఆయన చేసిందేమీ లేదని నేననను. కానీ ఆ కప్పులో మూడేళ్ల టాన్ చెమట ఉంది.

బో విషయంలో లెక్క వేరు. 2022 థామస్ కప్, 2023లో ఆసియా ఛాంపియన్‌షిప్, ఇండోనేసియా ఓపెన్, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల స్వర్ణం, ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు, అన్నీ ఆయన కాలంలోనివే. ఆసియా ఛాంపియన్‌షిప్‌లో మనకు స్వర్ణం రావడం 1965లో దినేశ్ ఖన్నా తర్వాత అదే మొదలు. అన్నట్టు సాత్విక్‌కి తొలి గురువు కాశీ విశ్వనాథం గారు, అంటే నాన్నే. ఆయన డ్రిల్లు మాస్టారుగా పనిచేసేవారు.

అపోహ: కోచ్‌ని మారిస్తే చాలు, జట్టు మారిపోతుంది.

వాస్తవం: మన హైదరాబాద్ ఐపీఎల్ జట్లే దీనికి రెండు రకాల జవాబులు చెబుతాయి. 2023లో బ్రయాన్ లారా కోచ్‌గా సన్‌రైజర్స్ అట్టడుగున పదో స్థానం. 2024లో డేనియల్ వెటోరి రాగానే ఫైనల్. చూడ్డానికి కోచ్ మహత్యమే. అయితే అదే సీజన్ కోసం 20.5 కోట్లు పోసి పాట్ కమిన్స్‌ని, 6.8 కోట్లకు ట్రావిస్ హెడ్‌ని కొన్నారు. మరుసటి ఏడు వెటోరి ఉండగానే ఆరో స్థానానికి జారారు.

ఇక డెక్కన్ ఛార్జర్స్ దగ్గరికొస్తే నా వాదన నాకే కొంచెం ఎదురు తిరుగుతుంది. 2008లో రాబిన్ సింగ్ కోచ్‌గా చివరి స్థానం, 2009లో డారెన్ లేమన్ కోచ్‌గా ఛాంపియన్లు. గిల్‌క్రిస్ట్, రోహిత్, గిబ్స్, సైమండ్స్, మన విశాఖ వేణుగోపాలరావు, ముఖ్యమైనవాళ్లు చాలామంది పాతవాళ్లే. కాకపోతే ఆ ఏడు టోర్నీ దక్షిణాఫ్రికాకు తరలింది, అక్కడి పిచ్‌లు వేరు. లేమన్ వాటా ఎంత, పిచ్‌ల వాటా ఎంత అని ఎవరు తూచగలరు?

మా కుర్రాడి కౌబాయ్స్ సంగతి కూడా చెప్పేస్తాను. పాత కోచ్ చివరి సీజన్లో 17 మ్యాచ్‌లకు ఏడు గెలిచారు. ఆయన కింద పనిచేసిన బ్రయాన్ షాటెన్‌హైమర్‌నే కొత్త కోచ్‌ని చేశారు. ఆ తర్వాతి సీజన్లోనూ గెలుపులు ఏడే.

అపోహ: ఖాళీ కుర్చీ యజమాని బావమరిదికే.

వాస్తవం: ఎవరిని తీసుకోవాలన్నది యజమాని ఇష్టమే. కానీ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ‘రూనీ రూల్’ ఉంది. 2003లో వచ్చిన ఈ నిబంధన ప్రకారం అల్పసంఖ్యాక వర్గాల అభ్యర్థిని కనీసం ఒకరినైనా ఇంటర్వ్యూ చేయాలి. తర్వాత ఆ సంఖ్య రెండు చేశారు. ఉద్యోగం ఇవ్వాలని మాత్రం అందులో లేదు.

అపోహ: మొదటి ఏడే తేలిపోతుంది.

వాస్తవం: ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌కి చక్ నాల్ 1969లో కోచ్‌గా వచ్చాడు. ఆ ఏడు 14 మ్యాచ్‌లాడి 13 ఓడారు. మా ఊరి సంక్రాంతి వాలీబాల్ జట్టయితే కెప్టెన్‌ని రెండో మ్యాచ్‌కే మార్చేది. వాళ్లు నాల్‌ని ఉంచుకున్నారు. 1991 దాకా ఉండి నాలుగు సూపర్ బౌల్‌లు, అంటే ఆ లీగ్ ఫైనల్స్, గెలిపించాడు. ఇంకో కోచ్ బిల్ బెలిచిక్‌ని క్లీవ్‌లాండ్ జట్టు ఐదేళ్లు చూసి పంపేసింది. ఆయన తర్వాత న్యూ ఇంగ్లండ్ జట్టుకి వెళ్లి ఆరు గెలిపించాడు.

అపోహ: వెళ్లిన కోచ్ ఇక రాడు.

వాస్తవం: బో తప్పుకున్నాక ఆ కుర్చీకి మళ్లీ పిలిపించింది టాన్ కిమ్ హర్‌నే. 2025 ఆగస్టులో ప్రపంచ ఛాంపియన్‌షిప్ పారిస్‌లో, ఒలింపిక్స్‌లో మనవాళ్లు ఓడిన ఆ హాల్లోనే జరిగింది. క్వార్టర్స్‌లో ఎదురైంది కూడా అప్పుడు ఓడించిన మలేసియా జోడీ ఆరోన్ చియా, సో వూయ్ యిక్‌లే. ఈసారి 21–12, 21–19తో మనవాళ్లే గెలిచారు. సెమీస్‌లో చైనా జోడీ చేతిలో ఓడి కాంస్యంతో తిరిగొచ్చారు. మా టీకొట్టులో మర్నాడే మొదలైంది, “ఆ బో ఉండుంటే స్వర్ణం వచ్చేదండీ!” అని.