తేమ లెక్క తప్పితే బోరు ఖాళీ

పులివెందుల వైపు చీనీ, అరటి తోటలకు డ్రిప్పు కొత్త కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు రైతులకూ ఫోనుతో మోటారు వేసి ఆపే పెట్టెలు తెలిసినవే. ఇప్పుడు నేలలో తేమ చూసి తనంతట తానే మోటారు నడిపే పెట్టెలూ వస్తున్నాయి. కొనే ముందుగానీ, ఇంట్లో చదువుకున్న పిల్లవాడి చేత చేయించుకునే ముందుగానీ ఈ సంగతి తెలుసుకోండి.

పెట్టెలో ఏముంది?

గోరంత చిప్పు. మైక్రోకంట్రోలర్ అంటారు. తోటలో ఉన్న పెట్టె సెన్సార్ చెప్పిన లెక్కను చీటీలా రాసి పంపుతుంది. మోటారు దగ్గరి పెట్టె దాన్ని చదువుతుంది. 'తేమ: 28' అని పేరు, పక్కనే విలువ. ఈ పద్ధతి పేరు జేసన్. చీటీ రాయడానికీ చదవడానికీ చాలామంది వాడేది 'ఆర్డుయినో జేసన్' అనే ఉచిత లైబ్రరీ. ఫ్రాన్సుకు చెందిన బెన్వా బ్లాన్షాన్ రాశారు.

ఏం మారింది?

ఇదివరకు చీటీకి ఎంత చోటు కావాలో ప్రోగ్రాము రాసేవాడే ముందుగా లెక్కగట్టి చెప్పాలి. కళ్లంలో కాయ ఎంతవుతుందో తెలియకుండా గోతాలు లెక్కపెట్టి తెచ్చుకున్నట్లే. చాలకపోతే, రాసేటప్పుడు మిగిలిన విలువలు చెప్పాపెట్టకుండా రాలిపోయేవి. 2024 జనవరిలో వచ్చిన 7వ వెర్షన్‌లో ఆ బాధ తీసేశారు. కావలసిన చోటు లైబ్రరీయే తీసుకుంటుంది. అయితే పాత ఊనో బోర్డు మెమరీ 2 కిలోబైట్లే. అటువంటి చిన్న బోర్డుకు 6వ వెర్షనే నయం. ఈఎస్‌పీ 32 బోర్డుకు 520 కిలోబైట్లుంది, దానికి 7 వాడుకోవచ్చు.

అసలు ముప్పు ఎక్కడ?

చీటీలో 'తేమ' అన్న పేరే లేకపోతే ఈ లైబ్రరీ సున్నా అని చెబుతుంది. పెట్టె నేల ఎండిందనుకుని మోటారు వేస్తుంది. తడిసిన పాదుకే మళ్లీ నీళ్లు. నల్లరేగడిలో నీరు త్వరగా దిగదు, చీనీకి వేరుకుళ్లు భయం. బోరులో నీళ్లు అయిపోయినా మోటారు తిరుగుతుంటే కాలిపోతుంది.

ఏం చేయాలి?

1. ప్రోగ్రాము రాసేవారితో చెప్పండి: చీటీ చదివాక తప్పు వచ్చిందేమో చూడాలి, తేమ విలువ ఉందో లేదో చూడాలి. లేకుంటే మోటారు ఆగాలి. చీటీ రాశాక అంతా పట్టిందో లేదో కూడా చూడాలి.

2. డబ్బు ఇచ్చే ముందు మీ ఎదుటే సెన్సార్ వైరు పీకించండి. తోటలోని పెట్టెను ఆపించండి. రెండుసార్లూ మోటారు ఆగాలి.

3. ఇన్ని నిమిషాలకు మించి నడవకూడదని గడువు పెట్టించండి. నీళ్లు లేకుంటే ఆపే ఏర్పాటు, చేత్తో ఆపే స్విచ్చి తప్పనిసరి.

పెట్టె ఉంది కదా అని పిడికెడు మట్టి పిసికి చూసే అలవాటు మాత్రం మానకండి.