చిప్పు మంచిదే... తీగే తప్పింది!

పంపుసెట్టు టైమరు మొరాయించింది. మెకానిక్కు పెట్టె విప్పితే లోపల జెర్రి మాదిరి 28 కాళ్ల నల్లటి ముక్క. మోటారు ఎప్పుడు వేయాలో, ఎప్పుడు ఆపాలో గుర్తు పెట్టుకునే మైక్రోకంట్రోలర్ అదే. కొత్తది కొంటే చాలదు. అది రాయని పలక. ప్రోగ్రామర్ అనే చిన్న పరికరంతో కంప్యూటరు నుంచి దానికి రాత ఎక్కించాలి. (కంపెనీ పెట్టె అయితే ఆ రాత కంపెనీ దగ్గరే ఉంటుంది. మన దగ్గర కట్టిన టైమర్లకే ఈ వైద్యం.)

చిప్పు పలకడం లేదని తెర మీద కనబడగానే దాన్ని చెత్తబుట్టలో వేసేవారున్నారు. మడి ఎండుతుంటే ఇంకో చిప్పు కోసం పట్నం పరుగు! చాలాసార్లు చిప్పు నిర్దోషి.

ముందుగా మెయిన్స్ తీగలు పూర్తిగా ఊడదీయాలి. కొన్ని టైమరు బోర్డుల్లో ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. 230 వోల్టులు నేరుగా బోర్డు మీదే ఉంటాయి. కంప్యూటరే కాదు, మనిషీ పోతాడు.

విరివిగా దొరికే అట్‌మెగా 328పి సంగతి చూద్దాం. గుంట పైకి పెడితే ఎడమవైపు పై కాలు 1, అది రీసెట్. ఈ తీగ ఊడితే చిప్పు రాతకు ఒప్పుకోదు. 17 మోసీ, 18 మీసో, 19 గడియారపు తీగ. సీరియల్ తీగలు అడ్డంగా మార్చి కలిపే అలవాటున్నవారు ఇక్కడా అదే చేసి బోల్తా పడతారు. మోసీకి మోసీయే, మీసోకి మీసోయే. కరెంటు 7కు ఇచ్చి 20ని మరిచేవారు, గ్రౌండు 8కి ఇచ్చి 22ను వదిలేసేవారు కొల్లలు. ప్రోగ్రామరుకు, బోర్డుకు గ్రౌండు ఒక్కటిగా కలవాలి. 5 వోల్టులు వస్తున్నాయో లేదో సప్లయి దగ్గర కాదు, చిప్పు కాళ్ల మీదే మీటరు పెట్టి చూడాలి. తీగలు జానెడు మించకపోతే మేలు.

అన్నీ సరిగా ఉన్నా పలకలేదా? కొత్త చిప్పు నడక నిదానం, 1 మెగాహెర్ట్జ్. ప్రోగ్రామరు వేగం అందులో నాలుగో వంతు కన్నా తక్కువ ఉండాలి. పాత చిప్పు బయటి క్రిస్టల్‌కు అలవాటు పడినదైతే 9, 10 కాళ్లకు క్రిస్టల్ తగిలించాలి.

చిప్పు తన ఆనవాలుగా 1ఈ, 95, 0ఎఫ్ అని చెప్పాలి. అన్నీ సున్నాలో, అన్నీ ఎఫ్‌ఎఫ్‌లో వస్తే అనుమానం మళ్లీ తీగల మీదే. చివర 14 వస్తే అది 'పి' లేని 328. చిప్పు చెడలేదు, కంప్యూటరులో పేరు మార్చుకోవాలంతే.